కొలతగొలుసు, కరణం కవిలె

1799లో శ్రీరంగపట్నం పడిపోగానే ఈస్టిండియా కంపెనీ మైసూరు సర్వేను కాలిన్ మెకంజీకి అప్పగించింది. గెలుచుకున్న నేలకు హద్దులు తేలితే గాని శిస్తు తేలదు. థియోడలైటు, కొలతగొలుసు పట్టుకుని ఆ బృందం దాదాపు పదేళ్లు తిరిగింది. పటం మీద ఊరు ఒక చుక్కయింది. ఆ చుక్క ఎవరిది, ఎప్పటిది, అక్కడి చెరువు ఎవరు తవ్వించారు అన్న ప్రశ్నలకు గొలుసు జవాబు చెప్పలేదు.

ఈ వెలితి మెకంజీకి తెలుసు. దాన్ని పూరించినవాళ్లు మాత్రం ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య శాసనాలు చదివాడు, పండితులను కూడగట్టాడు, ఊళ్ల నుంచి వివరాలు రాబట్టే పద్ధతి ఏర్పరిచాడు. 1803లో, 26 ఏళ్లకే చనిపోయాడు. ఈ దేశపు విద్యలోకి తనకు దారి తెరిచింది బొర్రయ్యేనని 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో మెకంజీ ఒప్పుకున్నాడు. అన్న వదిలిన పనిని లక్ష్మయ్య అందుకున్నాడు.

వీళ్ల మనుషులు ఊరూరా తిరిగి రాయించుకున్న ఊళ్ల చరిత్రలే కైఫియత్తులు. దొరగారి మనిషి పాత కాగితాలు అడుగుతున్నాడంటే శిస్తు పెంచడానికేనని జనం అనుమానించారు. ఆ అనుమానంలో తప్పేముంది? సర్వే చేయించేదీ, శిస్తు వసూలు చేసేదీ ఒకే కంపెనీ కదా. అయినా చాలాచోట్ల కరణాలు దండకవిలెలనే తరతరాల ఊరి దస్తావేజులు బయటికి తీసి చెప్పారు. గ్రామం పేరెలా వచ్చింది, ఏ రాజు కాలంలో ఏ గుడికి ఎంత మాన్యం దక్కింది, చెరువు ఎప్పుడు తెగింది, కరణీకం ఎవరి వంశానిది – అన్నీ. గుంటూరు సీమ కైఫియత్తుల్లో గోపరాజు రామన్న అనే మంత్రి కరణీకపు మిరాశీలు (వంశపారంపర్య హక్కులు) పంచిపెట్టిన కథ ఊరు తర్వాత ఊరుగా వినిపిస్తుంది. రాజుల వరుసతో, తేదీలతో సరిచూస్తే ఆ కథ నిలవకపోవచ్చు. కానీ చెప్పేవాడు చరిత్రతోపాటు తన హక్కునూ నమోదు చేయించుకుంటున్నాడని గుర్తించకుండా ఆ పుట చదవడం అన్యాయం.

1821లో మెకంజీ చనిపోయాడు. అప్పటికి అతను భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్. సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొనుక్కుంది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో కేటలాగు అచ్చువేశాడు. స్థానిక చరిత్రలు 2,070, శాసనాలు 8,076 అని లెక్క తేలింది. ఆ లెక్కంతా పోగుచేసినవాళ్లలో ముఖ్యుడైన లక్ష్మయ్య, పనిని తానే కొనసాగిస్తానని అర్జీ పెట్టుకున్నాడు. 1836లో ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ అతని యోగ్యత చాలదని తేల్చాడు. సామగ్రి తెచ్చిపెట్టడానికి సరిపోయిన మనిషి దానికి అర్థం చెప్పడానికి పనికిరాలేదు! ఆ మరుసటేడు ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించాడు. శాసనాల చదువులో కమలాకాంత విద్యాలంకారుడి వంటి పండితుల సాయం అతనికీ కావలసివచ్చింది. మద్రాసులో మెకంజీ కాగితాల పని చివరికి విలియం టేలర్ అనే పాదిరీ చేతికి వెళ్లింది. లక్ష్మయ్యపై ప్రిన్సెప్ ఇచ్చిన తీర్పు వల్ల తెలుగు చరిత్ర రచనకు జరిగిన నష్టం చిన్నది కాదని నా నమ్మకం. కవిలె కట్టుబాట్లు తెలిసి, వాటిని ఇంగ్లీషులో వివరించగల మనిషి అప్పుడే దొరికాడు, అప్పుడే చేజారాడు.

సి.పి. బ్రౌన్ పూనిక వల్ల ఆ కాగితాల్లో కొన్నింటికి నకళ్లు తయారయ్యాయి. కడపలో బ్రౌన్ పేరిట ఉన్న గ్రంథాలయం ఆ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. వాటిని తిరగేస్తే ఊళ్ల గొంతు వినిపిస్తుంది, ఎక్కువగా కరణం గొంతే. కానీ దక్షిణాదిన పొలిమేర తగాదా వస్తే హద్దు నడిచి చూపించడానికి చాలాచోట్ల ముందుకు పిలిచింది కరణాన్ని కాదు, ఊరి సేవకుడైన వెట్టివాణ్ని. తాతల నాటి నుంచి ఏ రాయి ఎక్కడ పాతారో అతనికి తెలుసు. మెకంజీ పటంలో ఆ గీత ఉంది, కైఫియత్తులో ఆ పొలిమేర ఊసు ఉంది. నడిచినవాడి పేరు మాత్రం అరుదుగా దొరుకుతుంది.