ట్రై

ప్రోగ్రామింగ్‌లో పదాలను దాచి వెతకడానికి వాడే ‘ట్రై’ అనే డేటా నిర్మాణం పేరుకు ప్రయత్నంతో సంబంధం లేదు. వెతికి తీయడం అనే అర్థమున్న ‘రిట్రీవల్’ అనే ఇంగ్లీషు మాట నడుమ నుంచి 1960లో ఎడ్వర్డ్ ఫ్రెడ్‌కిన్ ఈ పేరు తీశారు. ఆయన ‘ట్రీ’ అనే పలికేవారు. ‘ట్రీ’ (చెట్టు) అనే మామూలు డేటా నిర్మాణంతో కలిసిపోకూడదని చాలామంది ‘ట్రై’ అన్నారు, అదే నిలిచింది. ఈ నిర్మాణాన్ని 1959లోనే రెనే డి లా బ్రియాండే వివరించారు.

ఇందులో పదాలు అక్షరం వెంట అక్షరంగా కొమ్మలు వేస్తాయి. అమ్మ, అమ్మమ్మ, అమ్మవారు మూడింటికీ ‘అమ్మ’ దాకా దారి ఒకటే, చీలిక ఆ తర్వాతే. కాబట్టి వెతకడానికి పట్టే అడుగులు పదం పొడవును బట్టే ఉంటాయి. నిఘంటువులో వెయ్యి పదాలున్నా పది లక్షలున్నా తేడా రాదు. రెండు అక్షరాలు కొట్టగానే పూర్తి పదాలు చూపించడానికి ఇది చక్కగా కుదురుతుంది.

చిక్కల్లా మెమరీతోనే. చీలికలు లేని పొడుగాటి దారుల్లోనూ అక్షరానికో నోడ్ (కొమ్మలు కలిసే బిందువు) కావాలి. 1968లో డొనాల్డ్ మారిసన్ తన ‘పాట్రీషియా’ పద్ధతిలో అలాంటి దారులను కుదించి, చీలికలున్న చోట్లనే నోడ్లు ఉంచారు. అమరిక మారితే ఇంత తేడా వస్తుంది కాబట్టి, ప్రోగ్రామ్ నెమ్మదిస్తే కొత్త యంత్రం కొనేముందు డేటా అమరికను చూడాలి. చాలాసార్లు ఎక్కువ లాభం అక్కడే దొరుకుతుంది.