ధాత కరువులో గంజి, కాలువ, గుండ్లకమ్మ: కర్నూలు పల్లెల క్రైస్తవుల కథ

ఈ ఎపిసోడ్ కడప నుంచే రికార్డ్ చేస్తున్నాం. బయట ఎండ ఎట్లుందో చెప్పక్కర్లేదు, ఫ్యాన్ శబ్దం వినిపిస్తే కొంచెం సర్దుకోండి.

మా వైపు పల్లెల్లో చిన్నప్పటి నుంచి ఒక మాట వింటుంటాం. "వాళ్ల తాతలు గంజి కోసం మతం మారినోళ్లు రా." ఎవరో ఒకరు నవ్వుతా అనేస్తారు, ఆ పక్కనున్న పిల్లోడు తల దించుకుంటాడు. ఇంగ్లీషువాళ్లు కూడా దీనికి ఒక పేరు పెట్టారు, రైస్ క్రిస్టియన్స్ అని. నేనూ ఒకప్పుడు ఆ మాట నిజమే అనుకున్నా. తర్వాత తేదీలు వరుసగా పేర్చుకుని చూస్తే కథ వేరేగా కనపడింది. ఈ రోజు ఆ తేదీలే మాట్లాడుకుందాం. ఇది ప్రసంగం కాదు, ఏ మతానికీ ప్రచారం కాదు. కడుపు మాడుతున్న రోజుల్లో కొంతమంది మనుషులు దేన్ని పట్టుకుని నిలబడ్డారు అనేదే మన ప్రశ్న.

ముందు కరువు సంగతి. 1876లో నైరుతి వానలు మోసం చేశాయి, వెనకాల ఈశాన్య వానలు కూడా రాలేదు. అది ధాత నామ సంవత్సరం. అందుకే పెద్దవాళ్లు దాన్ని ధాత కరువు అనేవాళ్లు. 1877లో కూడా సెప్టెంబరు దాకా సరైన చినుకు లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో బాగా దెబ్బతిన్న జిల్లాలు బళ్లారి, కర్నూలు, కడప. ఎంత దెబ్బ అంటే, 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో సుమారు 9 లక్షల 14 వేల మంది ఉన్నారు. 1881 లెక్కల్లో 6 లక్షల 78 వేలు. నాలుగో వంతు మనుషులు లేరు. చచ్చిపోయినోళ్లు, వలస పోయినోళ్లు, పుట్టకుండానే పోయిన బిడ్డలు, అందరూ ఆ లెక్కలోనే. మీ క్లాసులో నలుగురు కూర్చునే బెంచీలు ఉంటాయి కదా. ప్రతి బెంచీలో ఒకరు మాయమైపోయారనుకోండి.

రైలు లేదా అంటే ఉంది. మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు దాకా 1871 నాటికే లైను వేసేశారు. కానీ కర్నూలు ఊరికి రైలు లేదు, దగ్గరి స్టేషన్ అంటే గుత్తి. అక్కడి నుంచి ధాన్యం ఎద్దుల బండ్ల మీద రావాల. మేత లేక ఎద్దులే పడిపోతుంటే బండి ఎవరు లాగుతారు? ఇంకో సంగతి, కర్నూలు కడప కాలువ, మన కేసీ కాలువ, అప్పటికే తవ్వేసి ఉంది. నీళ్లు పారిన చోట కొంత బతికారు. కాలువకి దూరంగా ఉన్న మెట్ట ఊళ్ల గతి దేవుడికే తెలుసు.

1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ లార్డ్ లిట్టన్ దర్బారు చేశాడు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి దక్షిణాదికి వచ్చి, కరువు పనుల కూలి మరీ ఎక్కువైందని తేల్చాడు. రోజంతా మట్టి మోసిన మగ మనిషికి ఒక పౌండు ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన అర అణా. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది మనిషి బతకడానికి చాలదని గట్టిగా ఎదురు తిరిగాడు. కొన్ని నెలలకు కూలి పెంచారనుకోండి, ఆ లోపల పోయిన ప్రాణాలు తిరిగి వస్తాయా?

ఇప్పుడు మన కథలో మనుషుల దగ్గరికి వద్దాం.

మిషనరీలు ఈ నేలకి కరువుతో రాలేదు, అది ముందే తెలుసుకోవాల. కడపలో లండన్ మిషన్ పని 1822లోనే మొదలైంది. 1850ల నాటికి కడప, కర్నూలు వైపు మాల పల్లెల్లో గుంపులు గుంపులుగా జనం క్రైస్తవంలోకి వస్తున్నారు. ముత్యాలపాడు, తర్వాత నంద్యాల, ఆంగ్లికన్ మిషన్‌కి కేంద్రాలయ్యాయి. అమెరికన్ బాప్టిస్టులు కర్నూలులో స్టేషన్ పెట్టింది సరిగ్గా 1876లో. ఏ సంవత్సరంలో అడుగు పెట్టారో చూడండి!

కానీ ఎక్కువ వివరంగా రాసి పెట్టిన కథ మార్కాపురం, కంభం వైపుది. ఈ రెండూ అప్పుడు కర్నూలు జిల్లాలోవే, 1970లో ప్రకాశం జిల్లా వచ్చాకే విడిపోయాయి. ఆ పల్లెలకి మిషన్ కేంద్రం ఒంగోలు. అక్కడ 1866 నుంచి జాన్ క్లౌ అనే అమెరికన్ ఉండేవాడు. పాత తరం వాళ్లు క్లౌ దొర అంటారు. అయితే ఈ కథకి అసలు మొదలు దొర కాదు, ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. అంతకు ముందే రాజయోగం నేర్పే గురువుల దగ్గర ఉపదేశం తీసుకుని, దేవుడి కోసం వెతుక్కున్న మనిషి. మన కడప జిల్లా వాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. వీరబ్రహ్మంగారి శిష్యుల్లో కక్కయ్య కథ మనకి తెలిసిందే. వెతుకులాట ఆ వాడల్లో ఎప్పటి నుంచో ఉంది. పేరయ్య ఊరు తాళ్లకొండపాడు. 1867 జనవరిలో అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువుకి తొమ్మిదేళ్ల ముందు, గుర్తు పెట్టుకోండి.

క్లౌ వాళ్లకి పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన పశువు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. మనకి ఇప్పుడు ఇవి మామూలుగా వినపడతాయి. ఆ రోజుల్లో ఒక మాదిగ కుటుంబానికి ఈ మూడూ మూడు యుద్ధాలు. ఊరికి చెప్పులు కుట్టాల, బావుల్లో నీళ్లు తోడే తోలు బానలు చేయాల, జాతరకి డప్పు కొట్టాల, పిలిస్తే ఏ రోజైనా వెట్టికి పోవాల. "ఈ రోజు ఆదివారం, రాను" అంటే రైతు ఊరుకుంటాడా? "జాతరకి డప్పు కొట్టను" అంటే? కూలి ఆపేశారు, బావుల దగ్గరికి రానీలేదు, కొట్టిన చోట్లు కూడా ఉన్నాయి. కాబట్టి చేరితే లాభం అనే మాట ఇక్కడే కొంచెం కుంటుతుంది. చేరిన మొదటి రోజు నుంచి నష్టమే.

ఇంకో ముచ్చట. ఒంగోలులో క్లౌ స్కూల్లో బ్రాహ్మణ పిల్లలు చదువుకునేవాళ్లు. మాదిగలకి బాప్తిస్మం ఇచ్చాక వాళ్లంతా స్కూలు వదిలేసి పోయారు. పెద్ద కులాలు ముందు వస్తే మిగతా వాళ్లు వెనకాలే వస్తారని అప్పటి చాలామంది మిషనరీల లెక్క. క్లౌకి ఆ లెక్క తప్పింది. ఆయన వచ్చినవాళ్ల వైపే నిలబడ్డాడు. అప్పుడు ఆయన మనసులో ఎంత ఊగిసలాట ఉందో తర్వాత ఆయనే రాసుకున్నాడు.

సరే, కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ పేరు విన్నారు కదా, చెన్నై నుంచి కోస్తా పొడవునా ఉంటుంది. కరువు పనుల కింద దాన్ని పొడిగించారు. అమెరికాలో ఉన్నప్పుడు క్లౌ సర్వేయర్‌గా పని చేశాడు, గొలుసు పట్టి భూమి కొలవడం తెలుసు. 1877లో ఆయన సుమారు మూడున్నర మైళ్ల కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. తాటాకు పాకలతో క్యాంపు వేశారు. మేస్త్రీలుగా ఎవరిని పెట్టాడంటే తన దగ్గరున్న తెలుగు బోధకుల్ని. ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే అనిపిస్తుంది.

ఎందుకంటే వేరే కరువు పనుల్లో ఏం జరుగుతుండేది? మేస్త్రీ పై కులం మనిషి అయితే మాదిగ కూలీకి దక్కేది తిట్లు, తన్నులు, కోసేసిన కూలి. తట్ట నిండలేదని ఒక కోత, ఆలస్యమైందని ఇంకో కోత. ఇక్కడ మాత్రం లెక్క రాసేవాడు నీ వాడలోంచి వచ్చినవాడే. కూలి పూర్తిగా నీ చేతికి ఇచ్చేవాడు కూడా వాడే. సాయంత్రం పని అయినాక అదే మనిషి నీ పక్కన కూర్చుని కథ చెప్తాడు. వాళ్లు మళ్లీ మళ్లీ చెప్పింది మత్తయి సువార్త 11వ అధ్యాయంలో ఏసు మాట, కష్టపడి అలిసిపోయినోళ్లని, బరువు మోసేవాళ్లని తన దగ్గరికి రమ్మని పిలిచే మాట. పొద్దుట్నుంచి తల మీద మట్టి తట్ట మోసిన మనిషికి ఆ మాట ఎట్లా తగులుతుందో ఒకసారి ఆలోచించండి. దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

క్యాంపులో కలరా వచ్చింది, మనుషులు చచ్చిపోయారు. నమ్మకం ఉంది కదా అని ఎవరికీ మినహాయింపు దొరకలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇట్లాంటి కథల్ని చాలామంది అద్భుతాల కథలుగా మార్చేస్తారు. ఇందులో అద్భుతం లేదు. పక్కన మనిషి ఉన్నాడు, అంతే.

ఇప్పుడు ఆ గంజి మాట దగ్గరికి. కాలువ పనిలో వేలమంది ఈ బోధ విన్నారు, చేరతామని అడిగారు. క్లౌ వద్దన్నాడు. కూలికో తిండికో ఆశపడి వస్తున్నారేమో అనే అనుమానం ఆయనకే ఉంది. అందుకే సుమారు 15 నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాత కూడా, ఇక సాయం డబ్బు అయిపోయింది, నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు అని చెప్పించాడు. 1878 నడిమిలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో బోధకుల సమావేశం పెడితే, వాళ్ల వెనకాలే జనం వచ్చేశారు. పొమ్మన్నా పోలేదు. మాకు డబ్బులొద్దు, అడగం కూడా, కానీ చేర్చుకోండి అన్నారు.

జూలై 2న 614 మంది. జూలై 3న 2,222 మంది. జూలై 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. జూలై 3న పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం ఎండకి ఆపి, మళ్లీ సాయంత్రం దాకా నదిలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒకేసారి ఇద్దరిద్దరు చొప్పున. క్లౌ ఆ రోజు ఒక్కరికీ తన చేత్తో ఇవ్వలేదు. ఒడ్డున ఉండి గుమాస్తాలతో పేర్ల జాబితాలు చూసుకున్నాడు.

ఆ జాబితాలనే నేను పదే పదే తలుచుకుంటా. "ఒరేయ్", "ఏమే" అని తప్ప ఊరు పేరు పెట్టి పిలవని మనుషులు వరుసలో నిలబడి, ఒక్కొక్కరు తమ పేరు చెప్పి రాయించుకున్నారు. కాలువ కూలి అప్పటికి అయిపోయింది. తిరిగి ఊరికి పోతే అదే రైతు, అదే వెట్టి, అదే బావి. ఇవన్నీ తెలిసీ వచ్చారు.

అందరూ అట్లే నిలబడ్డారా అంటే లేదు. కొందరు ఊరి ఒత్తిడికి వెనక్కి పోయారు. అంతమందిని ఒకేసారి చేర్చుకోవడం తొందరపాటని మిషన్‌లో వాళ్లే కొందరు తప్పు పట్టారు. ఆకలి ఆ మనుషుల మనసు మీద ఏ పనీ చేయలేదు అని నేను చెప్పను. ఆకలితో ఉన్నప్పుడు అన్నం పెట్టిన చెయ్యిని ఎవరైనా గుర్తు పెట్టుకుంటారు, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టాడని ఇప్పటికీ పాటలు పాడుకుంటున్నాం కదా. ఆయన అన్నం తిన్నోళ్లని ఎవరూ ఎగతాళి చేయలేదు. ఎగతాళి వీళ్ల దగ్గరికి వచ్చేసరికే ఎందుకు వచ్చిందో మీరే చూసుకోండి.

ఆ ఎగతాళి కాగితాల మీద ఇంకో రూపంలో ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సీ. అందుకే ఒకే వాడలో, ఒకే ఇంట్లో కూడా, సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం ఇంకొకటిగా బతికే కుటుంబాలు మీలో చాలామందికి తెలుసు. దాని గురించి ఇంట్లో గట్టిగా మాట్లాడరు. మాట్లాడితే పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ పోతుందేమో అని భయం. 1878లో నది ఒడ్డున గట్టిగా పేరు చెప్పిన మనిషి మునిమనవడు ఇప్పుడు గొంతు తగ్గించి మాట్లాడాల్సి వస్తోంది.

ధాత కరువు తర్వాత 1890ల్లో మళ్లీ కరువులు వచ్చాయి. అదే కాలంలో జమ్మలమడుగులో లండన్ మిషన్ డాక్టర్ క్యాంప్‌బెల్ ఆసుపత్రి నిలబెట్టాడు. ఇప్పటికీ అక్కడ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. కడప, కర్నూలు మెట్ట ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని జనం అక్కడికి ఎట్లా వచ్చేవాళ్లు, కులం లేకుండా ఒకే వరండాలో పడుకోవడానికి ఊళ్లు ఎంత గొడవ పడ్డాయి, అదంతా వేరే కథ. వచ్చే ఎపిసోడ్ జమ్మలమడుగులోనే తీస్తాం. మీ ఇంట్లో ముసలోళ్లు ఎవరైనా ధాత కరువు గురించి వాళ్ల పెద్దల నోట విన్నది చెప్తే, వెంటనే ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. ఉంటాను మరి.