కాలువ దారిలో సంఘ చరిత్ర: బకింగ్‌హామ్ కాలువ, ధాత కరువు, ఒంగోలు విశ్వాసులు

ఉపోద్ఘాతం

తెలుగు ప్రాంతపు సంఘ చరిత్రను మనం సాధారణంగా మిషను కేంద్రాల పేర్లతో చదువుకుంటాం. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, మచిలీపట్నం, నరసాపురం, కాకినాడ. ఈ కేంద్రాలను కలిపిన దారులను గురించి అంతగా ఆలోచించం. రైలు రాకముందు కోస్తా జిల్లాల్లో బరువులకూ దూర ప్రయాణాలకూ ముఖ్యమైన దారి నీటి దారి. 19వ శతాబ్దపు చివరి పాదంలో కాకినాడలో పడవ ఎక్కిన మనిషి గోదావరిని, కృష్ణను దాటి, సముద్రంలోకి పోకుండానే చెన్నపట్నం చేరగలిగేవాడు. ఆ దారి పొడవు సుమారు 618 కిలోమీటర్లు.

ఆ దారిని ఉత్తరం నుంచి దక్షిణానికి అనుసరిస్తూ, దానిలోని ఒక చిన్న భాగం దగ్గర ఆగి, ఒక ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో చాలామంది అంతకుముందు కరువు రోజుల్లో కాలువ తవ్వినవారు, లేదా తవ్వినవారి బంధువులు. వారు కూటి కోసమే క్రైస్తవులయ్యారన్న మాట ఆనాటినుంచీ ఉంది. ఈనాటికీ మన సంఘాల యువకులను ఎదుటివారు అదే మాటతో ప్రశ్నిస్తున్నారు. కాపరులు దానికి కోపంతో కాక, చరిత్రతో జవాబు చెప్పగలగాలి.

డెల్టా కాలువల మీద

ప్రయాణం మొదట డెల్టాలో సాగుతుంది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ ఏడే విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసింది. కాటన్ దృష్టిలో కాలువకు రెండు పనులున్నాయి. ఒకటి పొలానికి నీరివ్వడం, రెండవది పడవకు దారివ్వడం. భారతదేశానికి రైలు కంటే నీటి దారులే చవక అని ఆయన జీవితాంతం వాదించారు. అందుకే డెల్టా కాలువల మీద లాకులు కట్టారు. మట్టాలు వేరుగా ఉన్న చోట పడవను లాకులోకి తెచ్చి, వెనుక తలుపులు మూసి, నీటిని నింపి గానీ వదిలి గానీ పడవను తరువాతి మట్టానికి చేర్చేవారు. ఇప్పటికీ ఎన్నో ఊళ్లలో 'లాకులు' అన్న మాట స్థలం పేరుగా నిలిచి ఉంది.

కాకినాడ నుంచి గోదావరి దాకా 50 కిలోమీటర్ల కాలువ. నది దాటిన తరువాత ఏలూరు కాలువ మీద విజయవాడ దాకా 139 కిలోమీటర్లు. కృష్ణ దాటాక కొమ్మమూరు కాలువ దారిలో దుగ్గిరాల మీదుగా పెదగంజాం దాకా 113 కిలోమీటర్లు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గెడలు వేసేవారు, లేదా గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ప్రయాణం నెమ్మది. గట్టు మీది మనుషులతో మాట్లాడుతూ పోగలిగినంత నెమ్మది. డెల్టాలో పరిచర్య చేసిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు ఇంటి పడవల్లో ఊరూరా తిరగడానికి కారణం ఇదే. పడవే వారికి బస, పడవే బండి.

పెదగంజాం నుంచి చెన్నపట్నానికి

పెదగంజాం దగ్గర దృశ్యం మారుతుంది. వరి పొలాలు వెనుకబడి ఉప్పు మళ్లు వస్తాయి. ఇక్కడినుంచి కాలువ సముద్ర తీరం వెంట, తీరానికి దగ్గరగా సాగుతుంది. చాలా చోట్ల నీరు ఉప్పునీరే. ఇదే బకింగ్‌హామ్ కాలువ. పెదగంజాం నుంచి చెన్నపట్నానికి దీని పొడవు 316 కిలోమీటర్లు. అక్కడినుంచి దక్షిణాన మరక్కాణం దాకా మరో 110 కిలోమీటర్లు.

ఈ కాలువ ఒక్కసారిగా పుట్టలేదు. 1806లో బాసిల్ కాక్రేన్ అనే వర్తకుని సొమ్ముతో చెన్నపట్నం నుంచి ఎన్నూరు వరకు మొదటి భాగం తవ్వారు. తరువాత అది పులికాట్ సరస్సు వరకు సాగింది. 1837లో ప్రభుత్వం దానిని తన చేతిలోకి తీసుకుంది. ఆపై అంచెలంచెలుగా ఉత్తరానికి పొడిగించారు. 1876-78 నాటి కరువులో సహాయ పనిగా దీనిమీద విస్తారంగా తవ్వకం జరిగింది. చెన్నపట్నంలో అడయారు, కూవం నదులను కలిపిన భాగం కూడా అప్పటిదే. 1878లో ఆనాటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు కాలువకు పెట్టారు. గవర్నరు పేరు నిలిచింది. తవ్వినవారి పేర్లు ఏ రాతిమీదా లేవు.

కాలువ తవ్వకానికి ముందున్న పదేళ్లు

అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను చాలాకాలం ఫలితం లేని పొలంగా పేరుపడింది. దానిని మూసివేయాలన్న ఆలోచన ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1854 నూతన సంవత్సర దినాన లైమన్ జూయెట్ గారు కొద్దిమందితో ఒంగోలు కొండమీద ప్రార్థించిన సంగతి మన సంఘాల్లో అందరికీ తెలిసినదే. జాన్ ఎవరెట్ క్లౌ గారు 1865లో ఇండియా వచ్చి, 1866లో ఒంగోలు చేరారు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో భూముల సర్వే పని చేసినవారు. ఆ అనుభవం తరువాత కాలువ పనిలో ఉపయోగపడింది.

1866లోనే తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య గారు బాప్తిస్మం పొందారు. ఆయన మాదిగ, తోళ్ల వ్యాపారి. వ్యాపారం మీద తిరిగిన దారులే ఆయనకు సువార్త దారులయ్యాయి. ఆయన మాట బంధువుల వెంట, సంతల వెంట పాకింది. అదే సమయంలో ఒంగోలులోని పై కులాలవారు కొందరు మిషను పట్ల ఆసక్తి చూపారు. మాదిగలను చేర్చుకుంటే తాము రాలేమని వారి మాట. క్లౌ దంపతులు వేర్వేరుగా వాక్యం తెరవగా ఇద్దరికీ 1 కొరింథీయులకు 1వ అధ్యాయంలోని ఒకే భాగం కనబడిందని ఆయన రాసుకున్నారు. మిషను మాదిగల పక్షాన నిలిచింది. కరువు మొదలయ్యేనాటికి ఒంగోలు పొలంలో సంఘ సభ్యులు మూడు వేలకు పైగా ఉన్నారు. ఈ సంఖ్యను గుర్తుంచుకోవాలి. కాలువ గట్టు మీద ఈ ఉద్యమం పుట్టలేదు. అప్పటికే పదేళ్లుగా నడుస్తున్న ఉద్యమం కాలువ గట్టుకు వచ్చింది.

ధాత కరువులో మూడున్నర మైళ్లు

1876లో వర్షాలు పోయాయి. ధాత నామ సంవత్సరంలో వచ్చిన ఆ కరువును మన పెద్దలు 'ధాత కరువు' అన్నారు. పంటలు పోయినప్పుడు ముందుగా పస్తున్నది భూమి లేని కూలివారు. రైతుకు పండితేనే మాదిగకు గింజ. ధాన్యం ధర పెరగగా ఊరి కట్టుబాటు ప్రకారం వచ్చే గింజలు కూడా ఆగిపోయాయి. ప్రభుత్వం సహాయ పనులు తెరిచింది గాని కూలి చాలా తక్కువ. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద అర్ధణా. మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి కార్నిష్ దానిని గట్టిగా వ్యతిరేకించారు. ఆ తిండితో మట్టి మోసేవాడు బతకడని ఆయన వాదన.

సహాయ పనుల్లో చిన్న ఉద్యోగుల చేతిలో మాదిగలకు న్యాయం దొరకడం కష్టంగా ఉండేది. అందుచేత క్లౌ గారు కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని తామే కాంట్రాక్టుకు తీసుకుని, రాజుపాలెం దగ్గర మకాం వేశారు. తెలుగు బోధకులను మేస్త్రీలుగా నియమించారు. గడ్డపారలు పట్టి తవ్వినవారు, తట్టలు మోసినవారు దూర గ్రామాలనుంచి వచ్చిన స్త్రీలు, పురుషులు. కలరా అనేకులను తీసుకుపోయింది. పని ఆపి కూర్చున్నప్పుడు బోధకులు వారితో మాట్లాడేవారు. అలసినవారిని, భారం మోసేవారిని ప్రభువు పిలిచిన మాట తట్ట మోస్తున్న మనిషికి వివరించనక్కరలేదు.

ఇక్కడ ఒక చిక్కును దాచకూడదు. కూలి లెక్క రాసేదీ, సువార్త చెప్పేదీ ఒకే మనిషి అయినప్పుడు వినేవాని ఒప్పుకోలు ఎంత స్వేచ్ఛగా ఉంటుంది? క్లౌ గారు ఈ చిక్కును గుర్తించారు. గుంపులు గుంపులుగా బాప్తిస్మం అడిగినా, కరువు సహాయం సాగినంత కాలం, దాదాపు పదిహేను నెలలు, ఆయన ఇవ్వలేదు. పనులు ముగింపుకు వచ్చి, ఇక పంచడానికి ఏమీ లేదని తెలిపిన తరువాతనే, 1878 జూన్ మధ్యలో తలుపు తెరిచారు.

జూలై మొదటివారంలో ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెలంపల్లిలో విశ్వాసులు కూడారు. 2వ తేదీన 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులు. 3వ తేదీన ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు తీసుకున్నారు. దిగువన కాలువను దాటి సముద్రంలో కలిసే నది కూడా ఆ గుండ్లకమ్మే.

ఆరోపణను పరిశీలిస్తే

పై వివరాలనుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, కాలక్రమం. కరువుకు ముందే వేలమంది సభ్యులున్న సంఘం ఉంది. రెండవది, కూలి. కాలువ మీద వారు పొందినది భిక్ష కాదు, సర్కారు పనికి చెల్లిన కూలి. బాప్తిస్మం అడగని కూలివానికీ అదే కూలి. మూడవది, సమయం. ఇవ్వడానికి గింజ ఉన్న రోజుల్లో బాప్తిస్మం ఆగింది, గింజ లేని రోజుల్లో జరిగింది. కూటి కోసమే వచ్చినవారైతే పని ముగిసిన నాడే వెళ్లిపోయేవారు. వారు తమ పల్లెలకు వెళ్లారు గాని సంఘాలుగా వెళ్లారు. 1883లో ఒంగోలు పొలంనుంచి కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరు పొలాలుగా ఏర్పడ్డాయి.

అయితే కరువుకు ఏ పాత్రా లేదనడం కూడా చరిత్ర కాదు. కరువు ఊరి కట్టుబాటును తెంచింది. పల్లె దాటని మనుషులను వందల మైళ్ల కాలువ గట్టు మీద ఒకచోట చేర్చింది. ఆపదలో తమను మనుషులుగా లెక్కించినవారెవరో వారు చూశారు. ఆకలిగొన్నవాడు ఆ చూపును బట్టి నమ్మితే ఆ విశ్వాసం తక్కువదా? యోహాను 6వ అధ్యాయంలో రొట్టెల కోసం వెదకిన జనులను ప్రభువు హెచ్చరించాడు. కాని ముందు రోజు వారికి పెట్టకుండా పంపలేదు. ఆ రెంటినీ కలిపి చదవాలి. క్లౌ గారి నిర్ణయంలో ఆ రెండూ ఉన్నాయి. కూలి ఆపలేదు, బాప్తిస్మానికి తొందరపడలేదు.

ముగింపు

1899 నాటికి విజయవాడ, చెన్నపట్నం మధ్య రైలు నడిచింది. పడవ ప్రయాణం క్రమంగా తగ్గింది. 1965, 1966 తుఫానులు కాలువను మరింత దెబ్బతీశాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అనేక చోట్ల ఈ కాలువే అలల పోటును తనలోకి తీసుకుని, వెనుకనున్న ఊళ్లను కొంత కాపాడింది. నూట పాతికేళ్ల తరువాత కూడా కరువు కూలివారి చేతిపని ప్రాణాలు నిలబెట్టింది. 2008లో ఈ కాలువలన్నిటినీ కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు.

నెహెమ్యా 3వ అధ్యాయంలో గోడ కట్టినవారి పేర్లు వరుసగా ఉన్నాయి. ఎవరు ఎవరి ప్రక్కన కట్టారో కూడా ఉంది. మన కాలువకు అటువంటి అధ్యాయం లేదు. దానిని రాయగలిగినవారు స్థానిక సంఘాల కాపరులే. పాత బాప్తిస్మపు రిజిస్టర్లు ఇంకా కొన్ని సంఘాల పెట్టెల్లో ఉన్నాయి. తాత కాలువ పనికి పోయాడని తన పెద్దలు చెప్పగా విన్న వృద్ధులు ఇంకా కొందరున్నారు. సెమినరీ విద్యార్థులు సెలవుల్లో తమ ఊరి సంఘంలో ఒక రిజిస్టరును చదివి, ఒక వృద్ధురాలి మాటను రాసుకున్నా ఆ అధ్యాయం మొదలవుతుంది. ఆరోపణకు జవాబు అందులోనే ఉంది. మన పెద్దలు చేయి చాచి వచ్చినవారు కారు, తట్ట మోసి వచ్చినవారు.