దోషనక్షత్రములు – భయమా? రక్షణమా?



నక్షత్రమనగా క్షరము లేనిది, నశింపనిది అని మన పెద్దలు నిర్వచించిరి. గ్రహములు రాశులు మారుచుండును. నక్షత్రములు మాత్రము తమ స్థానముల నుండి కదలనట్లే మనకు కనబడును. అట్టి స్థిరజ్యోతులలో కొన్నింటిని జాతకమునందు చూచినంతనే ఇల్లంతయు కలత చెందుట నేటికిని కలదు. వధువుది మూలయైన మామగారికి, ఆశ్లేషయైన అత్తగారికి, జ్యేష్ఠయైన బావగారికి, విశాఖయైన మరిదికి కీడని చెప్పి మంచి సంబంధములను సైతము త్రోసిపుచ్చుచున్నారు. ఈ భయమునకు మూలమేది? పెద్దలు దానికి చూపిన దారి యేది? కొంచెము విచారింతము.

నక్షత్రములు 27, రాశులు 12. తొమ్మిది నక్షత్రములు నాలుగు రాశులకు సరిపోవును. కావున ఆశ్లేష–మఖ, జ్యేష్ఠ–మూల, రేవతి–అశ్వినుల నడుమ రాశియు నక్షత్రమును ఒక్కచోటనే ముగియును. ఈ మూడు సంధులనే గండాంతములనిరి. ఒకటి ముగిసి మరియొకటి మొదలగు చోటు బలహీనమని వారి భావము. విశాఖ ఈ సంధులలో చేరదు. దాని మూడు పాదములు తులలోను, నాలుగవ పాదము వృశ్చికములోను ఉండును. మరిది దోషమును ఆ కడపటి పాదమునకే చెప్పుదురు. మూలలో నాలుగవ పాదము, ఆశ్లేషలో మొదటి పాదము జననమునకు శుభములనియు శాస్త్రవచనము. పాదమైనను చూడక పేరు విన్నంతనే వెనుదిరుగుట శాస్త్రము కాదు.

ఈ భయము మనకు మాత్రమే కలిగినది కాదు. అరబ్బులు ఒక తారను భూతశిరస్సు అనిరి. పాశ్చాత్య జ్యోతిష్కులు దానిని మిక్కిలి క్రూరమైనదానిగా ఎంచిరి. అది ఏల మసకబారుచుండునో 1783లో గుడ్‌రిక్ అను యువకుడు గమనించి, దాదాపు రెండు దినముల ఇరువదియొక్క గంటలకు ఒకసారి కాంతి తగ్గుచున్నదని చూపెను. ఒకదానిచుట్టు ఒకటి తిరుగు తారలలో ఒకటి మరియొకదానిని మరుగుపరచుటయే దానికి కారణము.

మన వేదము ఏమి చేసినది? అథర్వవేదము ఆరవ కాండములో ఇట్టి నక్షత్రమున పుట్టిన శిశువుకై ఒక సూక్తము కలదు. ఈ బిడ్డను కీడు నుండి కాపాడుము, నూరేండ్లు బ్రతుకనిమ్ము, తల్లిదండ్రులకు ఇతనివలన హాని కలుగకుండుగాక అని అందలి ప్రార్థన. బిడ్డను విడువుమని అందు లేదు. శాంతి కర్మమునకు ఆంతర్యమిదియే: భయమును ప్రార్థనగా మార్చుట.

వాల్మీకి రామాయణమున లక్ష్మణ శత్రుఘ్నులు ఆశ్లేషలో జన్మించిరి. ఆ లక్ష్మణుడే రామునికి బహిఃప్రాణమయ్యెను. శరన్నవరాత్రులలో మూలానక్షత్రమున ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మను సరస్వతిగా అలంకరింతురు. ఆనాడే పిల్లలకు అక్షరాభ్యాసము చేయింతుము. నమ్మాళ్వారు జన్మనక్షత్రము విశాఖ. మూలలో పుట్టినాడని తల్లిదండ్రులు విడిచిరని ఐతిహ్యము చెప్పు తులసీదాసే రామచరితమానసమును లోకమునకిచ్చెను.

మన పట్టణము సంగతి చూడుడు. సముద్రగర్భమున కలిసిన విశాఖేశ్వరుని ఆలయమువలన దీనికి ఈ పేరు వచ్చెనని స్థానిక ఐతిహ్యము. ఇచ్చటనే డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావుగారు 1840లో వేధశాలను నెలకొల్పిరి. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9న సూర్యబింబముపై శుక్రుని గమనమును పరిశీలించిరి. ఆకాశమును భయముతో గాక శ్రద్ధతో చూచిన మహనీయులు వారు. ఆ విశాఖ పేరనే 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమయ్యెను; ఆ నీడనే మన ఉక్కునగరము వెలసినది. ఊరికి శుభమైన పేరు ఆడుబిడ్డకు అశుభమెట్లగును?

కావున శాంతి చేయించుకొనువారు శ్రద్ధగా చేయించుకొందురుగాక. అయితే నక్షత్రము పేరు చెప్పి ఏ పసిబిడ్డను తక్కువగా చూడకుందము, ఏ కన్యను కన్నీరు పెట్టింపకుందము. నక్షత్రములకును అధిపతియైన పరమేశ్వరుడు మనలనందరను కాచుగాక.

సర్వే జనాః సుఖినో భవంతు.