పస్తాపూర్ సంఘాలు: ఇంటి కంచం నుంచి ప్రపంచ వేదికకు

ఒక ఊరి సరుకు విదేశాలకు చేరాలంటే దానికి పేరు, ముద్ర, అంగడి కల్పించడం సాధారణంగా అనుసరించే మార్గం. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చరిత్రలో ఈ క్రమం తిరగబడి కనిపిస్తుంది. ఇక్కడి జొన్న, కొర్ర, సామ ముందు పండించినవారి కంచంలోకి తిరిగివచ్చి, ఆ తర్వాతే లోకం దృష్టిలో పడ్డాయి.

పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా జాతీయ రహదారి వెంట కర్మాగారాలు పెరుగుతున్న కాలంలోనే, చుట్టుపక్కల పల్లెల పేద స్త్రీలు, ముఖ్యంగా దళిత స్త్రీలు, సంఘాలుగా కూడారు. సంస్థ పుట్టిన ఏడాదే రాష్ట్రంలో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఎందరికో తిండి పెట్టినా, మెట్ట ధాన్యాలకు గిరాకీ తగ్గి చెలకలు పడావు పడడానికి అదీ ఒక కారణమైంది. దీనికి జవాబుగా 1990ల మధ్యలో సంఘాలు ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీని చేపట్టాయి. అంటే పడావు భూముల సాగుకు రైతులకు అప్పిచ్చి, దాన్ని జొన్నల రూపంలో వసూలు చేసి, ఊళ్లోనే నిల్వ ఉంచి, కొరత నెలల్లో పేద కుటుంబాలకు తక్కువ ధరకు అందించే ఏర్పాటు.

నీటి పారకం లేకుండా నేలలోని తడితో, చలికాలపు మంచుతో పండే యాసంగి పంటలను ఇక్కడివారు ‘సత్యం పంటలు’ అంటారు. ఒకే చెలకలో పలు పంటలు కలిపి వేసే పద్ధతినీ, వేపాకు, బూడిద కలిపి విత్తనాన్ని ఇంట్లోనే దాచే నేర్పునూ సంస్థ వెనుకబాటుగా కాక విద్యగా ఎంచింది. ఏటా సంక్రాంతి వేళ మొదలై నెలపాటు సాగే పాత పంటల జాతరలో అలంకరించిన ఎడ్ల బండ్లు ఊరూరా మోసుకెళ్లేది ఆ విత్తనాలనే.

ఈ విద్య బయటికి వెళ్లడంలోనూ మాట స్త్రీలదే అయింది. కెమెరా పట్టిన సంఘం సభ్యులు వరంగల్ బీటీ పత్తి రైతుల కష్టనష్టాలను చిత్రీకరించారు. 2008 అక్టోబరు 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినం నాడు, మాచ్‌నూర్ నుంచి సంఘం రేడియో ప్రసారాలు ప్రారంభమయ్యాయి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం 2019లో సంస్థకు లభించింది.

ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన 2023లోనే సంస్థకు నలభై ఏళ్లు నిండాయి. వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీశ్ అదే ఏడాది మార్చి 19న కన్నుమూశారు. ఒకప్పుడు పేదల తిండి అని చులకనైన ధాన్యం నగరాల అంగళ్లలో మేలురకం సరుకుగా అమ్ముడవుతున్న ఈ దశలో, దాన్ని పండించే స్త్రీ ఇంట రోజూ జొన్నరొట్టె కాలుతున్నదా లేదా అన్నదే, సంస్థ తొలినాళ్లలో పెట్టుకున్న లెక్క ప్రకారం, విజయానికి అసలు కొలమానం.