దూబగుంట రాసిన పాఠం

పగలంతా నాట్లు, కలుపు తీతలు. ఇంటికొచ్చి వంటావార్పూ ముగించి, పిల్లల్ని పడుకోబెట్టి, పలకా బలపం పట్టుకుని రాత్రి బడికి. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు చదువుకోడానికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇలాంటి ఆడవాళ్ళే. నిమిషానికి 30 మాటలు పైకి చదవగలగాలి, 7 మాటలు చూసి రాయగలగాలి. అక్షరం వచ్చిందనడానికి జాతీయ అక్షరాస్యతా మిషన్ పెట్టిన కొలతల్లో ఇవి రెండు.

వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉండేది. తాగుడు ఒక సంసారాన్ని ఎలా కూల్చిందో చెప్పే కథ. అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతుంటే సీతమ్మ ఎవరో పరాయి మనిషిలా అనిపించలేదు. ‘వారుణి వాహిని’ పథకం పుణ్యమా అని సర్కారు సారా ప్యాకెట్లలో పల్లెపల్లెకీ చేరుతున్న రోజులవి. కూలి డబ్బులు ఇంటి గడప తొక్కకముందే దుకాణంలో కరిగిపోయేవి. అంతవరకూ ఎవరింట్లో ఏడుపు వాళ్ళ ఇంటి గుట్టు. బడిలో పదిమంది కూర్చుని చదివితే అది ఊరి గోడైంది.

కలిగిరి మండలం దూబగుంటలో తాగిన మత్తులో ఇద్దరు చెరువులో పడి చనిపోయారు. ఆడవాళ్ళు ఊరుకోలేదు. ఆ ఊరి రోశమ్మలాంటివాళ్ళు ముందు నడిచారు. అందరూ గుంపుగా వెళ్ళి సారా అమ్మకం ఆపించారు.

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. అక్షరాస్యతా ఉద్యమకారులు ఈ సంగతిని ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠంగా రాసి, తర్వాతి వాచకంలో చేర్చారు. పాఠం చదివి దూబగుంట కదిలింది. దూబగుంటే పాఠమై మిగతా ఊళ్ళకు చేరింది. పక్క ఊరి ఆడవాళ్ళు చేసిన పనిని పుస్తకంలో చదివినవాళ్ళకు ఇక వేరే ఉపన్యాసం ఎందుకు? చీపుర్లు, కారప్పొడి పట్టుకుని దుకాణాల ముందు కాపు కాశారు. సారా తెచ్చే బండ్లను ఊరి పొలిమేరలోనే అడ్డగించారు.

1992లో జిల్లాలో సారా అమ్మే హక్కుకు జరిగే వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్‌లో నెల్లూరులో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో తర్వాతి ప్రభుత్వం దాన్ని సడలించింది.

ఉద్యమం మొత్తం వాచకం నుంచే పుట్టిందనడం అతిశయోక్తి. తాగుడు పెట్టే బాధ ఆ ఆడవాళ్ళకు ముందే తెలుసు, దానికి అక్షరాలు అక్కర్లేదు. రాత్రి బడి ఇచ్చినవి రెండు: నలుగురూ కలిసి కూర్చునే చోటు, ఇది ఒక్క నా ఇంటి రాత కాదన్న ఎరుక. నిమిషానికి ఎన్ని మాటలని లెక్కపెట్టే పరీక్షలో ఈ రెంటికీ మార్కులు లేవు. వేలంపాటకు వచ్చిన కాంట్రాక్టర్లకు మాత్రం అవి బాగానే లెక్కకొచ్చాయి.