గోడ నేర్పిన ఆట

బంతియాటకు కనీసము ఇరువురు కావలెను, విసరువాడొకడు, అందుకొనువాడొకడు. కాని తోడు దొరకని వేళ కూడ ఆటపై మనసు మరలని బాలునకును, తోడివారు అలసి ఇండ్లకు పోయిన పిదప ఇంకను చేయి కుదరలేదని తపించు సాధకునకును, ఆ రెండవవాని స్థానమున నిలిచి బంతిని మరల పంపు వస్తువొకటి అవసరమైనది. ఆ వస్తువు ఒకచోట నేలయై, ఒకచోట గోడయై, ఒకచోట త్రాడై, కడపట యంత్రమై మానవునకు సహాయపడుచు వచ్చినది. విజేతల పేర్లను, పరుగుల లెక్కలను భద్రపరచిన క్రీడాచరిత్ర ఈ మూగ సహచరుని గూర్చి చెప్పినది బహుస్వల్పము. ఎందరో మహాక్రీడాకారుల హస్తకౌశలమునకు తొలి గురువు ఇదియే గనుక, దీని పూర్వకథను కొంత విచారించుట ఉచితము.

మన సాహిత్యమున ఏకాంత కందుకక్రీడకు మనోహరమైన నిదర్శనము దండి రచించిన దశకుమారచరితమందు కలదు. సుహ్మదేశపు దామలిప్త నగరమున తుంగధన్వుడను రాజునకు వింధ్యవాసినీదేవి వరమున జన్మించిన కందుకావతి, ఏడవ యేట మొదలు వివాహమగువరకు, ప్రతిమాసమున కృత్తికా నక్షత్రము నాడు కందుకనృత్యముతో ఆ దేవిని ఆరాధింపవలెనని నియమము. ఆమె బంతిని నేలకు మెల్లగా విడుచుట, అది పైకి లేవగా బొటనవ్రేలిని కొంచెము వంచి తక్కిన వ్రేళ్లను చాచి అరచేత కొట్టుట, చేతి వెనుకభాగముతో ఎగురవైచుట, నడిమింటనే అందుకొనుట, మధ్య విలంబిత ద్రుత లయలను మార్చి మార్చి చూపుట మొదలైనవానిని కవి, ఆటను దగ్గరనుండి పరికించినవాడు మాత్రమే వర్ణింపగలిగినంత సూక్ష్మముగా వర్ణించినాడు. పదుమూడవ శతాబ్దమున కేతన ఈ కావ్యమును తెనిగించి తిక్కనకు అంకితమిచ్చుటచే మన భాషకును ఈ కథ దక్కినది. ఇచ్చట రాకుమారికి ఎదురుగా నిలిచినవారెవ్వరును లేరు. బంతిని తిరిగి ఇచ్చినది భూమియే. ఏ చేతితో, ఏ బలముతో, ఏ కోణమున కొట్టిన బంతి ఎట్లు లేచునో ఎరిగిన తరువాతనే ఆమె నర్తనము సాధ్యమైనది. అభ్యాసమును ఆరాధనగా భావించుట అను ఊహ ఈ కథలో ఎంత సహజముగా ఇమిడియున్నదో గమనింపదగును.

నేల తరువాతిది గోడ. ఇంగ్లండున ఈటన్ పాఠశాల విద్యార్థులు తమ ప్రార్థనామందిరపు వెలుపలి గోడకు ఆనించి కట్టిన ఊతగోడల నడుమనున్న ఇరుకు తావున, చేతితో బంతిని కొట్టి ఆడుకొనెడివారు. అచ్చటి మెట్టు, గోడ అంచు, ముందుకు పొడుచుకొనివచ్చిన ఊతగోడ బంతిని ఊహకందని దిక్కులకు మరల్చుచుండెను. 1840లో ప్రధానోపాధ్యాయుడైన హాట్రీ ఈ ఆటకై ప్రత్యేకముగా ఆవరణలు కట్టించినప్పుడు, ఆ వంకరలను సరిచేయక వానినే అనుకరించిరి. నేటికిని ఈటన్ ఫైవ్స్ అను పేర పిలువబడు ఈ ఆట ఆవరణలలో ఆ ఊతగోడ ప్రతిరూపము కానవచ్చును. తాపీవాని చేతిలో మరియొక ప్రయోజనమునకై రూపొందిన గోడ, ఆటకు శాసనమైనది.

లండన్ నగరపు గోడల కథ ఇంతకంటె హృదయమును తాకునది. ఫ్లీట్, కింగ్స్ బెంచ్ అను చెరసాలలలో, అప్పు తీర్చలేక నిర్బంధింపబడిన పెద్దమనుష్యులు ప్రొద్దు గడపుటకై ప్రాకారమునకు బంతిని కొట్టుచు రాకెట్స్ అను ఆటను పెంచి పోషించిరి. 1820లో ఆ ఆటలో జగద్విజేతనని ప్రకటించుకొన్న రాబర్ట్ మెకే అట్టి బందీయే. మనుష్యుని స్వేచ్ఛను అరికట్టుటకు కట్టిన రాతిగోడ, అతని కంటికిని కాలికిని చురుకుదనమును నిలిపియుంచిన సాధనమైనది. పిదప ఆ ఆట హారో వంటి పాఠశాలలకు వ్యాపించెను. ఆవరణలో తమ వంతు వచ్చువరకు వేచియుండలేని హారో బాలురు, చిల్లుపడి మెత్తబడిన రబ్బరు బంతితో బయటి గోడల వద్ద చేయి ఆడించుచుండగా, ఆ అభ్యాసమే క్రమముగా స్క్వాష్ అను వేరొక ఆటగా పరిణమించినది. అనగా సాధన ఆటకు సోపానమగుట మాత్రమే కాదు, సాధనయే ఆటకు జన్మనిచ్చుటయు చరిత్రలో జరిగినది.

ఇక ఈ మొత్తము కథకు కిరీటప్రాయమైన ఘట్టము ఆస్ట్రేలియాలోని బౌరల్ అను చిన్న పట్టణమున జరిగినది. 1908 ఆగస్టు 27న కూటముండ్రలో జన్మించిన డొనాల్డ్ బ్రాడ్మన్ పసితనముననే తల్లిదండ్రులతో ఈ ఊరు చేరెను. ఇరుగుపొరుగున ఈడైన పిల్లలు తక్కువ. బడి ముగిసిన తరువాత ఆడుటకు తోడు దొరకుట అరుదు. షెపర్డ్ వీథిలోని వారి ఇంటి పెరటిలో గుండ్రని ఇటుకల దిమ్మెపై 800 గ్యాలన్ల నీటితొట్టి యుండెను. ఆ దిమ్మెకును బట్టలుదుకు గది తలుపునకును నడుమ దూరము ఎనిమిది అడుగులు మాత్రమే. నేల సిమెంటుది, తలుపులు మూసినచో మూడు ప్రక్కల అడ్డును, పైన కప్పును గల చోటగుటచే వానకాలమునను ఆట సాగెడిది. ఒక చేత వికెట్టుకర్రను బ్యాటుగా పట్టుకొని, రెండవ చేత గోల్ఫు బంతిని ఆ ఇటుకలకు విసరి, మరలివచ్చు బంతిని కర్రతో కొట్టుటయే ఆ బాలుని నిత్యవ్రతము. ఊరక కొట్టుటతో తనివి తీరక, తనకు తానే రెండు జట్లను కల్పించి, నాటి ప్రసిద్ధ క్రీడాకారులైన గ్రెగరీ కొరకు ఒకమారు, కాలిన్స్ కొరకు ఒకమారు తానే ఆడుచు ఇన్నింగ్సులు నడపెడివాడు.

ఈ ఏర్పాటులోని కాఠిన్యమును తెలిసికొనుటకు కొంచెము గణితము చాలును. బంతి గంటకు 40 కిలోమీటర్ల సామాన్యవేగముతో మరలినను, ఎనిమిది అడుగులను దాటుటకు దానికి సెకనులో నాలుగవ వంతు కూడ పట్టదు. పైగా దిమ్మె గుండ్రనిది. చదునైన గోడ బంతిని ఇంచుమించు వచ్చిన కోణముననే మరల్చును. వంపు గోడపై బంతి తాకు తావు కొంచెము జరిగి ఆ తావున గోడ ముఖము ఎంత కోణము తిరిగినను, బంతి త్రోవ అంతకు రెట్టింపు తిరుగును. విసరినవాడు తానే అయినను ఎటు వచ్చునో ముందుగా తెలియదు. వికెట్టుకర్రయా, సన్నని గుండ్రని కొయ్య. బ్యాటు వెడల్పులో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే యుండును. కావున కన్ను, పాదము, మణికట్టు ఒక్క క్షణమున ఏకమైననే గాని బంతి తగులదు. ఫీల్డింగుకును అతడట్టి ఉపాయమునే కనిపెట్టెను. పది పదునైదు గజముల దూరమునుండి కంచెలోని గుండ్రని కమ్మికి గోల్ఫు బంతిని విసరి, మరలినదానిని పట్టుకొనెడివాడు. గురి తప్పినచో బంతి కంచె దాటి పోవును. దానిని వెదకి తెచ్చుకొనుటయే శిక్ష.

ఈ పెరటి విద్యార్థియే 1930లో లీడ్స్ మైదానమున 334 పరుగులు సాధించి, అందు 309 పరుగులను ఒక్క దినముననే చేసెను. 52 టెస్టులలో 6996 పరుగులు, 99.94 సగటు ఇతని ఆటకు శాశ్వతసాక్ష్యములు. బ్యాటును వెనుకకు నిటారుగా గాక స్లిప్పుల వైపునకు ఎత్తి, వలయాకృతిగా దింపు అతని ప్రత్యేకరీతి ఆ ఇటుకల దిమ్మె ముందు అలవడినదేయని పలువురు విశ్లేషకుల అభిప్రాయము. ఏ శిక్షకుడును అట్లు నేర్పియుండడు. దిమ్మె అడిగినది అట్టి ఆటను గనుక, బాలుని దేహము అట్లే బదులుచెప్పినది.

మన ఉపఖండమున ఇట్టి మరియొక సాధకుడు పెషావరు ప్రాంతపు హషీమ్ ఖాన్. బ్రిటిషు అధికారుల క్లబ్బులో అతని తండ్రి ఉద్యోగి. అచ్చటి స్క్వాష్ ఆవరణలకు కప్పులేదు. గోడలు దాటిన బంతులను తెచ్చి ఇచ్చుట బాలుని పని. తండ్రి మరణముతో చిన్ననాడే సంసారభారము మీదపడినను, అధికారులు ఎండకు జడిసి ఇండ్లకు చేరిన మధ్యాహ్నములందు, పాదరక్షలు లేని కాళ్లతో కాగిన నేలపై గోడను ప్రత్యర్థిగా చేసికొని ఒంటిగా ఆడెను. యౌవనము దాటిన వయసున 1951లో తొలిసారి బ్రిటిష్ ఓపెన్‌లో పాల్గొని గెలిచి, ఆ పోటీని మొత్తము ఏడుమారులు జయించెను.

తెలుగునాట ఈ సాధనములు మరింత నిరాడంబరములు. పాత మేజోడులో బంతిని పెట్టి, త్రాటితో దూలమునకో చెట్టుకొమ్మకో వ్రేలాడగట్టి, ఊగుచు మరలివచ్చు దానిని బ్యాటుతో కొట్టుట; బడిగోడకు రబ్బరు బంతిని విసరి, తనలో తాను లెక్క పెట్టుకొనుచు క్యాచులు పట్టుట; టేబుల్ టెన్నిస్ బల్లలో సగమును నిలువుగా లేపి రెండవ సగముపై ఒంటిగా ఆడుకొనుట; ఇవి మన పిల్లలు ఎరిగిన విద్యలే. షటిల్ కాక్ మాత్రము నేల తాకిన పిదప లేవదు గనుక, బ్యాడ్మింటన్ శిక్షణాలయములలో నేటికిని శిక్షకుడు చేత దొంతరగా పట్టుకొని ఒకదాని వెంట ఒకటి అందించుచునే యున్నాడు.

బంతిని మరల్చుటతో తృప్తిపడక, తానే విసరు యంత్రమును నిర్మింపవలెనను కోరిక ప్రాతదే. ఫెలిక్స్ అను పేర ఆడిన ఉపాధ్యాయుడు నికొలస్ వానొస్ట్రాక్ట్, రోమకుల యుద్ధయంత్రము పేర కెటపల్టా అను బౌలింగు యంత్రమును కల్పించి, 1845లో వెలువడిన తన క్రికెట్ గ్రంథమున దానిని వర్ణించెను. వెన్ చిత్రములతో తర్కశాస్త్రమున ప్రసిద్ధుడైన జాన్ వెన్ చేసిన యంత్రము, 1909లో కేంబ్రిడ్జికి వచ్చిన ఆస్ట్రేలియా జట్టులోని మేటి ఆటగానిని వరుసగా నాలుగుమారులు బౌల్డు చేసినది. టెన్నిస్‌లో ఏడు ప్రధాన సింగిల్స్ విజయములు పొందిన ఫ్రెంచి వీరుడు రెనే లకోస్త్, 1920ల చివర చేతితో త్రిప్పి బంతులను విసరు సాధనమును నిర్మించెను. వానినుండి నేటి విద్యుద్యంత్రములు పరిణమించినవి. ఒకే వేగముతో, ఒకే తావున, వందలకొలది బంతులను అలసట లేక వేయగలిగిన ఈ యంత్రముల ఉపకారము గొప్పది; ఒక లోపమును దిద్దుకొనుటకు అట్టి పునరావృత్తి మనుష్యమాత్రునిచే సాధ్యము కాదు.

అయినను విసరు యంత్రమునకును మరల్చు గోడకును మౌలికమైన భేదము కలదు. యంత్రము పంపు తరువాతి బంతి, మనము కొట్టిన ముందటి బంతిని లక్ష్యపెట్టదు. బాగుగా కొట్టినను, చెడగొట్టినను అది ముందుగా నిర్ణయింపబడిన బంతినే పంపును. గోడ అట్లు కాదు. అది తనంతట ఏమియు ఇయ్యదు. మనమిచ్చినదానినే, మనమిచ్చిన బలముతో, మనమిచ్చిన కోణమున మరల ఇచ్చును. తొందరపడి కొట్టినవానికి తొందరయే తిరిగివచ్చును. నిలకడగా కొట్టినవానికి తరువాతి దెబ్బకు అవకాశము లభించును. చేసిన కర్మ ఫలమై కర్తనే చేరునను సిద్ధాంతమును పసిబాలునకు ఒక్క నిమిషములో బోధించు గురువు ఇంతకంటె వేరొకడు లేడు. ఏకలవ్యుని మట్టిబొమ్మ శిష్యుని భక్తిని స్వీకరించినది గాని, అతని బాణమునకు బదులు చెప్పలేదు; గోడ ప్రతి దెబ్బకును, పక్షపాతము లేక, ముఖస్తుతి లేక, బదులు చెప్పును.

ఇప్పుడు సాగు వలలు, వంచి నిలుపుకొను చట్రములు, అనేక కోణములలో బంతిని మరల్చు పరికరములు బజారున లభించుచున్నవి; ఇవియు బౌరల్ దిమ్మె వంశమునకు చెందినవే గనుక ఆహ్వానింపదగినవే. కాని వానిని కొనలేని బిడ్డ ఆటకు దూరము కానక్కరలేదు. మన నగరములలో ఇండ్లు మేడలై, పెరడులు మాయమై, బంతి తగిలిన గోడ యజమాని కోపమునకు కారణమగుచున్న ఈ కాలమున, ప్రతి పాఠశాలయు, ప్రతి గృహసముదాయమును, కిటికీలు లేని ఒక గట్టి గోడను, దాని ముందు కొంత చదునైన నేలను పిల్లలకై విడిచిపెట్టుట ధర్మము. మైదానము నిర్మించుటకు కోట్లు కావలెను. ఈ గోడకు కావలసినది పెద్దల అనుమతి మాత్రమే. ఆ అనుమతి లభించిన చోట, తోడు లేని బిడ్డ కూడ తన శ్రమ తనకే తిరిగివచ్చునను నమ్మకముతో పెరుగును.